త్రాసు, లెవెల్ పైపు, సముద్రపు నీళ్ళు: పీడనాన్నీ ఉత్ప్లవనాన్నీ ఇంట్లోనే అంకెల్లో కొలవడం ఎలా

సైన్స్ ఫెయిర్ల సీజన్ వచ్చిందంటే తల్లిదండ్రులూ టీచర్లూ ఒకటే అడుగుతారు: ఉప్పునీళ్ళలో గుడ్డు తేలే ప్రయోగం కాకుండా, వైజాగ్ పిల్లలు వైజాగ్‌లోనే చేయగలిగింది ఇంకేముంది అని. గుడ్డు ప్రయోగం మంచిదే. అయితే అది చేసిన పిల్లకు గుడ్డు తేలిందని తెలుస్తుంది గానీ, నీళ్ళు దాన్ని ఎంత బలంతో పైకి నెట్టాయో తెలియదు. కింద చెప్పిన ప్రయోగాల్లో దాదాపు ప్రతిదాని చివరా ఒక అంకె వస్తుంది. ఆ అంకె సరైనదో కాదో చూసుకునే దారి కూడా ఉంటుంది.

వరుస మార్చకండి. ముందు లోతుతో పీడనం పెరగడం, తర్వాత ఉత్ప్లవనం (నీళ్ళు వస్తువును పైకి నెట్టడం), ఆ తర్వాత గాలి. వస్తువు అడుగున పీడనం ఎక్కువ, పైన తక్కువ. ఆ తేడాయే వస్తువును పైకి నెడుతుంది. మొదటి కొలత చేయకుండా రెండోదానికి వెళ్ళిన పిల్లలు ఉత్ప్లవన బలం అనే మాటను బట్టీ పడతారు, అంతే.

1. సామాను

☐ వంటింటి డిజిటల్ త్రాసు (1 గ్రాము వరకు చూపేది చాలు)
☐ తాపీ మేస్త్రీలు మట్టం చూసుకునే పారదర్శక లెవెల్ పైపు, రెండున్నర మీటర్లు
☐ వెడల్పు మూతి గాజు జాడీ, ఒక బకెట్, ఒక వెడల్పాటి టబ్బు
☐ లీటరు ప్లాస్టిక్ నీళ్ళ సీసాలు మూడు నాలుగు
☐ 15–20 మిల్లీలీటర్లు పట్టే చిన్న మూత సీసా, సన్నటి గట్టి స్ట్రా
☐ ఎం-సీల్, సన్నని దారం, స్కేలు, చిన్న నట్లు లేదా సైకిల్ బాల్స్
☐ మందు వేసే డ్రాపరు
☐ గాలి పీడనం కొలిచే బేరోమీటర్ సెన్సార్ ఉన్న ఫోను (ఉంటేనే)

త్రాసు గురించి ఒక మాట. కొన్ని త్రాసులు నిమిషం కదలకపోతే వాటంతట అవే ఆగిపోతాయి, సున్నా పోతుంది. అలాంటిదైతే ముందు అన్నీ సిద్ధం చేసుకుని చివర్లో త్రాసు ఆన్ చేయండి. ఫ్యాను ఆపేయండి. గాలికి కూడా రెండు మూడు గ్రాములు ఊగుతుంది.

మంచినీళ్ళ కోసం ఆర్‌ఓ నీళ్ళు లేదా కొన్న మినరల్ వాటర్ వాడండి. తీరానికి దగ్గర ఇళ్ళలో బోరు నీళ్ళకు ఉప్పదనం ఉండొచ్చు. దాన్ని మంచినీళ్ళ లెక్కలో వేస్తే తర్వాతి కొలతలన్నీ పక్కకు పోతాయి.

2. సముద్రపు నీళ్ళు తేవడం

ఇది పెద్దవాళ్ళ పని. ఆర్‌కే బీచ్‌లో గానీ రుషికొండలో గానీ నీళ్ళ కోసం మోకాళ్ళ లోతుకు దిగవద్దు. వెనక్కి లాగే ప్రవాహం పైకి కనిపించదు. తాడు కట్టిన చిన్న బకెట్‌ను తడి ఇసుక మీద నిలబడి విసిరితే చాలు. ఇంకా మంచి దారి, వేట నుంచి వచ్చే పడవవాళ్ళను ముందే అడిగి ఒక క్యాన్ నింపించుకోవడం. ఒడ్డు నీళ్ళ కంటే అవి శుభ్రంగా ఉంటాయి.

గెడ్డ (వాగు) నీళ్ళు సముద్రంలో కలిసే చోట పట్టకండి. తెచ్చాక ఒక రాత్రి కదపకుండా ఉంచి, ఇసుక దిగాక పైనీళ్ళు మెల్లగా వంచుకోండి. మంచినీళ్ళూ సముద్రపు నీళ్ళూ ఒకే గదిలో కొన్ని గంటలు ఉండి, ఒకే వేడికి రావాలి. ఫ్రిజ్ నీళ్ళను ఎండలో ఉన్న నీళ్ళతో పోల్చవద్దు.

3. మొదటి కొలత: లోతుకు తగ్గ పీడనం

1) లెవెల్ పైపును యు ఆకారంలో వంచి, నిలువు చెక్కకు టేపుతో అంటించండి. రంగు కలిపిన నీళ్ళు సగం వరకు పోయండి. పైపులో బుడగ ఉంటే తట్టి తీసేయండి. బుడగ ఉంటే రీడింగ్ నమ్మలేం.

2) ఒక నీళ్ళ సీసాను మధ్యకు కోయండి. పై సగం మూతకు రంధ్రం చేసి, పైపు ఒక కొసను అందులో దూర్చి ఎం-సీల్‌తో మూసేయండి. రెండో కొస తెరిచే ఉండాలి.

3) కోసిన సీసాను స్కేలుకు కట్టి, తెరిచిన వైపు కిందికి ఉండేలా నిటారుగా బకెట్‌లోకి దించండి. లోపలి గాలి దాన్ని పైకి నెడుతుంది, అందుకే స్కేలుకు కట్టమన్నది.

4) అంచు 5, 10, 15, 20 సెంటీమీటర్ల లోతులో ఉన్నప్పుడు యు గొట్టంలో రెండు మట్టాల మధ్య తేడా రాసుకోండి.

తేడా లోతుతో దాదాపు సమానంగా వస్తుంది. రెండు మూడు మిల్లీమీటర్లు తక్కువ కనిపిస్తే అది తప్పు కాదు. లోపలి గాలి కాస్త నొక్కుకుని నీళ్ళు అంచు దాటి లోపలికి ఎక్కాయి. నిజమైన లోతు ఆ లోపలి నీటి మట్టం దాకానే.

చాలామంది గరాటుకు బెలూన్ బిగించి ఇదే ప్రయోగం చేయిస్తారు. నేను వద్దంటాను. బెలూన్ రబ్బరు బిగువు కొంత పీడనాన్ని తనే ఆపేస్తుంది, రీడింగ్ ఎప్పుడూ తక్కువే వస్తుంది, ఎందుకని పిల్ల అడిగితే చెప్పడం కష్టం.

ఇప్పుడు అదే సీసాను వెడల్పాటి టబ్బులో అదే లోతుకు దించండి. టబ్బులో నీళ్ళు మూడు రెట్లున్నా రీడింగ్ మారదు. నీళ్ళు ఎన్ని ఉన్నాయన్నది కాదు, ఎంత లోతన్నదే లెక్క. తర్వాత సముద్రపు నీళ్ళలో 20 సెంటీమీటర్ల దగ్గర చూడండి. సుమారు అర సెంటీమీటరు ఎక్కువ రావాలి.

పీడనాన్ని పాస్కల్స్‌లో కొలుస్తారు, వంద పాస్కల్స్ ఒక హెక్టోపాస్కల్. ఒక సెంటీమీటరు నీటి మట్టం అంటే సుమారు 98 పాస్కల్స్, అంటే దాదాపు ఒక హెక్టోపాస్కల్. ఈ అంకెను గోడ మీద రాసి పెట్టుకోండి. కైలాసగిరి కొండ మీద మళ్ళీ పనికొస్తుంది.

4. మూడు రంధ్రాల సీసా: అందరూ పొరపడే చోటు

సీసాకు పై నుంచి కింద దాకా మూడు రంధ్రాలు చేసి, కింది ధార అన్నింటికంటే దూరం పడుతుందని చూపించడం మామూలు. సీసాను నేల మీదే పెట్టి చేస్తే అలా పడదు. పిల్లలు కళ్ళతో చూసింది వదిలేసి చార్టులో బొమ్మలాగే రాసేస్తారు. అది నాకు బాధగా ఉంటుంది.

కింది రంధ్రం నుంచి నీళ్ళు వేగంగా వస్తాయి, నిజమే. కానీ నేల దగ్గరే ఉంది గనుక దూరం వెళ్ళే లోపే పడిపోతాయి. నీటి మట్టం నుంచి రంధ్రం లోతునూ, రంధ్రం నుంచి ధార పడే చోటి ఎత్తునూ గుణించి, వర్గమూలం తీసి రెట్టింపు చేస్తే దూరం వస్తుంది.

25 సెంటీమీటర్ల నీళ్ళున్న సీసాకు 5, 12, 20 సెంటీమీటర్ల లోతుల్లో రంధ్రాలు పెట్టారనుకోండి. నేల మీద ఉంటే దూరాలు వరుసగా 20, 25, 20 సెంటీమీటర్లు. మధ్య ధారే గెలుస్తుంది. అదే సీసాను 50 సెంటీమీటర్ల ఎత్తు స్టూలు అంచున పెడితే 37, 55, 66. ఇప్పుడు కింది ధార గెలుస్తుంది. మీ కొలతలు వీటికంటే కొంచెం తక్కువే వస్తాయి, రంధ్రం అంచుల దగ్గర కొంత వేగం పోతుంది. రెండు చోట్లా చేసి రెండూ చూపించండి.

మట్టం పడిపోకుండా పై నుంచి ఒకరు నీళ్ళు పోస్తూనే ఉండాలి. రంధ్రాలు మూడూ ఒకే మేకుతో చేయాలి.

5. ఉత్ప్లవన బలాన్ని త్రాసు మీద చదవడం

ఒక్క ప్రయోగానికే టైమ్ ఉందంటే ఇది చేయండి.

1) గాజు జాడీలో మూడింట రెండు వంతులు నీళ్ళు పోసి త్రాసు మీద పెట్టండి. సున్నా చేయండి.

2) అరచేతిలో పట్టేంత రాయికి దారం కట్టండి. దారం రెండో కొసను, పుస్తకాల దొంతరల మీద అడ్డంగా పెట్టిన కర్రకు కట్టండి. చేత్తో పట్టుకుంటే వణుకుకు రీడింగ్ నిలవదు.

3) రాయి పూర్తిగా మునగాలి, అడుగునూ పక్కలనూ తాకకూడదు. ఇప్పుడు చూపే గ్రాములు రాసుకోండి.

4) దారం వదులు చేసి రాయిని అడుగున కూర్చోబెట్టండి. మళ్ళీ రాసుకోండి.

మొదటిసారి 64, రెండోసారి 172 వచ్చాయనుకుందాం. 172 గ్రాములు రాయి పూర్తి బరువు. 64 గ్రాములు నీళ్ళు రాయిని పైకి నెట్టిన బలం. నీళ్ళు రాయిని పైకి నెడితే, రాయి నీళ్ళను అంతే బలంతో కిందికి నెడుతుంది. త్రాసు చూపించింది ఆ కిందికి నెట్టడాన్నే. తొలగిపోయిన నీటి బరువు కూడా అదే, కాబట్టి రాయి ఘనపరిమాణం సుమారు 64 ఘన సెంటీమీటర్లు. 172ను 64తో భాగిస్తే 2.69. రాయి నీటికంటే అన్ని రెట్లు సాంద్రమైనది.

ఈ పద్ధతి నాకు ఇష్టం కావడానికి ఇంకో కారణం ఉంది. మీ త్రాసు అన్ని బరువులనూ నూటికి రెండు చొప్పున ఎక్కువ చూపించేదైనా, భాగహారంలో ఆ తప్పు కొట్టుకుపోతుంది.

రాళ్ళ విషయంలో జాగ్రత్త. విశాఖ కొండల్లో ఎక్కువగా కనిపించే ఖొండలైట్ రాయి వాతావరణానికి పాడైన చోట గుల్లగా ఉంటుంది. నీళ్ళలో పెట్టగానే బుడగలు వదులుతూ రీడింగ్ మెల్లగా తగ్గుతూ పోతుంది. గుల్లల్లోకి నీళ్ళు దూరుతున్నాయి, తొలగే నీరు తగ్గుతోంది. ముందు రాత్రంతా నానబెట్టండి, లేదా గట్టి నల్లరాయి తీసుకోండి.

సముద్రపు నీళ్ళతో మళ్ళీ చేసేటప్పుడు చిన్న రాయి సరిపోదు. 64 గ్రాముల దగ్గర తేడా ఒకటి రెండు గ్రాములే, త్రాసు దాన్ని సరిగా పట్టదు. కిలో రాయి, పెద్ద జాడీ తీసుకోండి. మంచినీళ్ళలో 370 వస్తే సముద్రపు నీళ్ళలో 378 దగ్గర రావాలి.

ఇదే అమరికతో పడవను కూడా తేల్చవచ్చు. 100 గ్రాముల గట్టి చపాతీ పిండిని ఉండ చేసి దారంతో వేలాడదీస్తే త్రాసు 100 కంటే తక్కువ చూపిస్తుంది, మిగతా బరువు దారం మోస్తోంది. అదే పిండిని పలచటి గిన్నెలా చేసి నీళ్ళ మీద వదిలితే తేలుతుంది, త్రాసు నిండుగా 100 చూపిస్తుంది. పిండి మారలేదు, తొలగే నీరు పెరిగింది. బీచ్ నుంచి చూస్తే దూరంగా లంగరు వేసి ఉన్న ఓడల్లో ఖాళీవాటికి కింది ఎర్ర రంగు పట్టీ బాగా బయటికి కనిపిస్తుంది, సరుకున్నవాటికి కనిపించదు. బరువు పెరిగిన కొద్దీ అంత బరువు నీటిని తొలగించడానికి ఓడ కిందికి దిగాలి.

సరిచూసుకోండి:
☐ రాయికి బుడగలు అంటుకోలేదు
☐ జాడీ బయట నీటి చుక్కలు లేవు
☐ సున్నా చేశాక జాడీని కదపలేదు
☐ దారం సన్నగా ఉంది, ముడి చిన్నదిగా ఉంది

6. సముద్రపు నీటి సాంద్రత: సీసా హైడ్రోమీటరు

హైడ్రోమీటరు అంటే ద్రవంలో తేలుతూ దాని సాంద్రత చూపే సాధనం. స్ట్రా అడుగున మైనం పెట్టి తేల్చే హైడ్రోమీటరు చాలామంది చేస్తారు. అది ఉప్పు తేడాను సరిగా చూపించదు. పది సెంటీమీటర్లు మునిగే స్ట్రా సముద్రపు నీళ్ళలో రెండు మిల్లీమీటర్లు మాత్రమే పైకి లేస్తుంది. పాల కేంద్రంలో లాక్టోమీటరు చూడండి. కింద బొద్దుగా, పైన సన్నగా ఉంటుంది. అదే ఆకారం కావాలి.

1) చిన్న సీసా మూతకు రంధ్రం చేసి 6 మిల్లీమీటర్ల స్ట్రా నిలబెట్టి ఎం-సీల్ వేయండి. ఆరనివ్వండి.
2) సీసాలో సైకిల్ బాల్స్ వేస్తూ, మంచినీళ్ళలో సీసా మొత్తం మునిగి, నీటి మట్టం స్ట్రా మధ్యలో నిలిచేలా బరువు సర్దండి.
3) మిల్లీమీటర్ల కాగితం చుట్టి స్ట్రా లోపలికి దూర్చండి. స్ట్రా పై మూతిని మూసేయండి. అప్పుడు బరువు కొద్దిగా పెరుగుతుంది, కాబట్టి మంచినీళ్ళ గుర్తు ఆ తర్వాతే పెట్టండి.
4) సముద్రపు నీళ్ళలో వదిలి, చిన్నగా తిప్పి, ఆగాక చదవండి.

మొత్తం బరువు 20 గ్రాములైతే రెండు గుర్తుల మధ్య సుమారు 17 మిల్లీమీటర్లు వస్తుంది. సీసా మొత్తం తొలగించే నీటిలో వచ్చిన తేడా అంతా సన్నని స్ట్రా మీద కనిపిస్తోంది.

సీసా పక్కకు వాలితే బరువు అడుగున లేదని అర్థం. బాల్స్‌ను అడుగున ఎం-సీల్‌తో అతికించండి. రీడింగ్ రోజుకో రకంగా వస్తే స్ట్రాకు చేతి జిడ్డు అంటింది, సబ్బుతో కడగండి.

ఇది ఒకసారి చేసి పారేయకండి. ఏప్రిల్‌లో ఒకసారి, అక్టోబర్ చివరలో ఒకసారి అదే చోట నీళ్ళు తెచ్చి కొలవండి. వానాకాలం తర్వాత బంగాళాఖాతంలో తీరం వెంట ప్రవాహం ఉత్తరం నుంచి దక్షిణానికి మళ్ళి, పెద్ద నదుల మంచినీటిని మోసుకొస్తుంది. ఆ రోజుల్లో విశాఖ తీరపు నీళ్ళు తేలికవుతాయి. ప్రపంచ సముద్రాల సగటు లీటరుకు సుమారు 1025 గ్రాములు. మన వెచ్చటి నీళ్ళు దానికంటే కొంచెం తక్కువే ఉంటాయి.

గుడ్డు సంగతి ఇక్కడే చెప్పేస్తాను. తాజా గుడ్డు సముద్రపు నీళ్ళలో మునుగుతుంది. లీటరు మంచినీళ్ళలో 120–130 గ్రాముల ఉప్పు కరిగితే గానీ తేలదు. సముద్రంలో లీటరుకు సుమారు 35 గ్రాముల ఉప్పే ఉంటుంది. సముద్రపు నీళ్ళలో మీ గుడ్డు తేలిందంటే అది పాతది.

7. డ్రాపరు డైవర్, కుర్సురా

డ్రాపరులోకి కొన్ని నీళ్ళు పీల్చి గ్లాసులో వదలండి. రబ్బరు పైభాగం మాత్రమే నీటి పైన ఉండేలా నీళ్ళు సర్దండి. దాన్ని లీటరు సీసాలోకి మార్చి, అంచు దాకా నీళ్ళు నింపి, మూత గట్టిగా బిగించండి. సీసా నొక్కితే మునుగుతుంది, వదిలితే తేలుతుంది. నొక్కినప్పుడు డ్రాపరులోకి నీళ్ళు ఎక్కడం చూడమని పిల్లకు చెప్పండి. అసలు విషయం అదే.

మునగకపోతే సీసా పైన గాలి మిగిలింది, లేదా డ్రాపరులో గాలి ఎక్కువైంది. మునిగి పైకి రాకపోతే గాలి తక్కువైంది, డ్రాపరు నుంచి ఒక చుక్క నీళ్ళు బయటికి వదిలి మళ్ళీ చేయండి.

బీచ్ రోడ్డులో ఇప్పుడు మ్యూజియంగా ఉన్న ఐఎన్ఎస్ కుర్సురా జలాంతర్గామి ఒకప్పుడు చేసిన పనీ ఇదే, పద్ధతి వేరు. పైన తేలుతున్నప్పుడు ఆ జలాంతర్గామి తొలగించే నీరు సుమారు 1950 టన్నులు, మునిగినప్పుడు సుమారు 2475 టన్నులు. మునగాలంటే ఆ తేడా ఐదు వందల టన్నుల పైన, అంత నీటిని బ్యాలస్ట్ ట్యాంకుల్లోకి తీసుకోవాలి. పైకి రావాలంటే కుదించిన గాలితో ఆ నీళ్ళను బయటికి తోసేయాలి. మ్యూజియం చూడ్డానికి వెళ్ళే ముందే డైవర్ చేయించండి.

8. గాలి: బీచ్ నుంచి కైలాసగిరికి, అరకు నుంచి ఇంటికి

ఫోన్‌లో సెన్సార్ ఉంటే బేరోమీటర్ యాప్ హెక్టోపాస్కల్స్ చూపిస్తుంది. కొన్ని యాప్‌లు సెన్సార్ అంకె కాకుండా, ఇంటర్నెట్ నుంచి తెచ్చిన సముద్ర మట్టపు పీడనం చూపిస్తాయి. పరీక్ష తేలిక: అపార్ట్‌మెంట్ లిఫ్ట్‌లో పది అంతస్తులు ఎక్కండి. మూడున్నర హెక్టోపాస్కల్స్ దాకా తగ్గాలి. కదలకపోతే యాప్ మార్చండి.

1) బీచ్‌లో ఇసుక మీద ఫోన్ పెట్టి రీడింగ్ రాసుకోండి.
2) గంటలోపు కైలాసగిరి పైకి వెళ్ళి రాసుకోండి.
3) దిగి వచ్చి బీచ్‌లో మళ్ళీ రాసుకోండి. రెండు బీచ్ రీడింగుల సగటు తీయండి.

మూడో మెట్టు వదిలేయొద్దు. మన ప్రాంతంలో రోజూ ఉదయం పది ప్రాంతంలో పీడనం ఎక్కువగా, సాయంత్రం నాలుగు ప్రాంతంలో తక్కువగా ఉంటుంది. మధ్యలో మూడు నాలుగు హెక్టోపాస్కల్స్ దానంతట అదే మారుతుంది.

కైలాసగిరి పైభాగం సుమారు 170 మీటర్ల ఎత్తు. వెచ్చటి గాలిలో దాదాపు ప్రతి 8.8 మీటర్లకు ఒక హెక్టోపాస్కల్ తగ్గుతుంది. తేడా 19 దగ్గర రావాలి. ఇప్పుడు గోడ మీద రాసిన అంకె చూడండి: 19 హెక్టోపాస్కల్స్ అంటే బకెట్‌లో 19 సెంటీమీటర్ల లోతు. బీచ్‌కూ కొండ పైకీ మధ్యనున్న గాలి మొత్తం మోపే పీడనం, జానెడు కూడా లేని నీళ్ళు మోపే పీడనంతో సమానం.

ఫోన్‌లో సెన్సార్ లేకపోతే అరకు ప్రయాణం పనికొస్తుంది. అక్కడ, దాదాపు 900 మీటర్ల ఎత్తులో, లోపల పొడిగా ఉన్న ఖాళీ లీటరు సీసా మూత గట్టిగా బిగించండి. అప్పటి గాలి వేడి రాసుకోండి. విశాఖ వచ్చేసరికి సీసా నొక్కుకుపోయి ఉంటుంది. ఇంట్లో గంటసేపు ఉంచి, బకెట్ నీళ్ళలో తలకిందులుగా ముంచి, నీళ్ళ లోపలే మూత తీయండి. నీళ్ళు లోపలికి దూకుతాయి. సీసాలోని నీటి మట్టమూ బకెట్ మట్టమూ సమానంగా ఉండేలా పట్టుకుని, లోపలే మూత బిగించి బయటికి తీసి, లోపలి నీళ్ళు తూచండి.

రెండు చోట్లా ఒకే వేడి ఉంటే లీటరుకు సుమారు 100 గ్రాములు రావాలి. అరకు పొద్దున్నే 20 డిగ్రీలు, ఇంట్లో 30 డిగ్రీలు అయితే 65–70 గ్రాములే వస్తాయి, వేడికి లోపలి గాలి వ్యాకోచించింది. దాన్ని సరిచేయాలంటే, ఇంట్లో మిగిలిన గాలి ఘనపరిమాణాన్ని 293తో గుణించి 303తో భాగించండి (డిగ్రీలకు 273 కలిపిన అంకెలు ఇవి). వచ్చినదాన్ని సీసా మొత్తం ఘనపరిమాణంతో భాగిస్తే అరకు పీడనం విశాఖ పీడనంలో ఎన్నో వంతో తెలుస్తుంది. 0.9 దగ్గర ఉండాలి.

0.97 లాంటిది వస్తే మూత లీకైంది. బిగించిన వెంటనే సీసాను నీళ్ళలో ముంచి గట్టిగా నొక్కి చూడండి, మూత దగ్గర బుడగలు వస్తే ఆ సీసా పక్కన పెట్టి ఇంకోటి తీసుకోండి. అరకుకు ఎప్పుడూ రెండు సీసాలు పట్టుకెళ్ళండి.